పెచ్చబురిలో మిగిలిన అన్నము

మన పల్లెలలో ఒకరికొకరు ఎదురైనప్పుడు ముందుగా వచ్చే మాట "అన్నం తిన్నారా?" అనే. తిన్నా తినకపోయినా "ఆఁ, అయ్యింది" అంటాము. అది ఆకలిని గూర్చి అడిగే మాట కంటే ఆప్యాయతతో అడిగే మాట. ఈ పలకరింపు మన తెలుగువారికే సొంతమని మేము చాలాకాలము అనుకొన్నాము. 2024 జనవరిలో, దేవుని కృపను బట్టి, మేము నలుగురు సంఘకాపరులము ఒక సహవాస కూడిక నిమిత్తము థాయిలాండు దేశమునకు వెళ్ళినప్పుడు ఆ అభిప్రాయము మార్చుకొనవలసి వచ్చింది.

బ్యాంకాక్ విమానాశ్రయము వెలుపల మా కొరకు కనిపెట్టుచున్న సహోదరుడు మనవలెనే రెండు చేతులు జోడించి, తల వంచి, "కిన్ ఖావ్ రు యాంగ్?" అన్నాడు. ఆయన ప్రక్కనున్న యౌవనస్థుడు ఇంగ్లీషులో చెప్పాడు: "అన్నం తిన్నారా, ఇంకా లేదా అని అడుగుతున్నారు." మేము నలుగురము ఒకరి ముఖము ఒకరు చూచుకొని నవ్వుకొన్నాము. పరదేశములో అడుగుపెట్టగానే మన ఇంటి మాట వినబడింది.

"ఖావ్" అంటే బియ్యము, అన్నము, భోజనము కూడ. కూరలన్నిటికీ కలిపి వారు పెట్టుకొన్న పేరు "కప్ ఖావ్", అనగా "అన్నముతో" అని. అన్నము ముఖ్యము, మిగిలినవన్నీ దానికి తోడు. ఇటువంటి దేశములో మేము తిన్న ఒక చిన్న వంటకమును గూర్చి, అది వండిన ఇంటిని గూర్చి, ఆ ఇంటిలో మమ్మును అడిగిన ఒక ప్రశ్నను గూర్చి ఈ నెల పాఠకులతో పంచుకొనవలెనని కోరుచున్నాము.

వజ్రపురి

కూడిక ముగిసిన తరువాత పెచ్చబురి అనే ఊరి సంఘకాపరి మమ్మును తన ఇంటికి రమ్మని బలవంతము చేశాడు. బ్యాంకాక్ నుండి నైరుతి దిక్కుగా రైలులో సుమారు మూడు గంటల ప్రయాణము. "పెచ్" అంటే వజ్రము, "బురి" అంటే మన "పురి". వజ్రపురి అన్నమాట. సంస్కృతపు మాటలు ఆ భాషలో లెక్కలేనన్ని ఉన్నవి. వారు సంఘకాపరిని "ఆజాన్" అని పిలుస్తారు. అది మన "ఆచార్య" యే. కనుక మేము కూడ ఆయనను ఆజాన్ అనియే పిలిచాము, ఈ వ్యాసములోను అలాగే పిలుస్తాము.

రైలు కిటికీలో నుండి చూస్తే కొన్ని చోట్ల పచ్చని వరి, కొన్ని చోట్ల కోసిన మళ్ళు, గట్ల మీద వరుసగా తాటిచెట్లు. "ఇది మన దివిసీమ కాదు గదా!" అన్నారు మాలో ఒకరు. జాతిలో కూడ భేదము లేదు, అదే తాటి. వారు దానిని "తాన్" అంటారు. పంచదారకు వారి మాట "నామ్ తాన్", అనగా "తాటి నీరు". చెరకు పంచదారను కూడ ఆ పేరుతోనే పిలుస్తారు. తాటి తీపి వారికి ఎంత పాతదో ఆ ఒక్క మాట చెబుతుంది.

పెచ్చబురికి ఆ దేశములో "మూడు రుచుల ఊరు" అని పేరు. ఉప్పు, తీపి, పులుపు. సముద్రపు ఒడ్డున బాన్ లేమ్ అనే ప్రాంతములో ఉప్పుమళ్ళు విస్తారముగా ఉన్నవి. తీపి తాటి బెల్లము. పులుపు నిమ్మతోటలది. 2021లో యునెస్కో వారు వంటలకు పేరుగాంచిన నగరముల జాబితాలో పెచ్చబురిని చేర్చారు.

ఆజాన్ మమ్మును మొదట తాటి బెల్లము కాచే పాకకు తీసుకొనివెళ్ళాడు. తెల్లవారుజామున దింపిన నీరాను పెద్ద ఇనుప మూకుళ్ళలో పోసి కాచుచున్నారు. మన గీత కార్మికులు కుండకు సున్నము పూస్తారు గదా, వారు పులియకుండ ఒక చెట్టు చెక్క ముక్కలు వేస్తారు. ఆ పొగ, ఆ తియ్యని వాసన, చెట్టెక్కి దిగినవాని పాదముల కాయలు, అంతా మన ఊరే. తరువాత ఊరిని ఆనుకొనియున్న "ఖావ్ వాంగ్" అనే కొండ చూపించాడు. సుమారు 1860లో మోంగ్‌కుట్ రాజు కట్టించిన వేసవి నగరు దాని మీద ఉన్నది. కోతులు కూడ చాలా ఉన్నవి. ఈ "ఖావ్" వేరు, కొండ అని అర్థము. స్వరము కొంచెము మారితే అర్థము మారిపోయే భాష అది. ఆ మధ్యాహ్నము భోజనశాలలో మాలో ఒకరు, వారి భాషలో మాట్లాడవలెనన్న ఉత్సాహముతో, తినుటకు ఒక ప్లేటు కొండ తెమ్మని అడిగారు. పాపము, వడ్డించే అమ్మాయి నవ్వు ఆపుకొనలేక లోపలికి పరుగెత్తింది.

క్రైస్తవులకు ఈ ఊరు మరియొక విధముగా జ్ఞాపకము ఉంచుకొనదగినది. 1861లో డేనియల్ మెక్‌గిల్వరీ, శామ్యూల్ మెక్‌ఫార్లండ్ అను ప్రెస్బిటేరియన్ మిషనరీలు కుటుంబములతో బ్యాంకాక్ విడిచి ఇక్కడ కాపురము పెట్టారు. మెక్‌ఫార్లండ్ గారి సతీమణి 1865లో ఆడపిల్లలకు కుట్టుపని, చదువు నేర్పు పాఠశాల ఆరంభించారు. మెక్‌గిల్వరీ గారు ఇక్కడ నివసించు లావో ప్రజలను చూచి, వారి జనము ఎక్కువగా ఉన్న ఉత్తరదేశమునకు వెళ్ళవలెనను భారము పొంది, 1867లో చియాంగ్ మై చేరారు. రెండు సంవత్సరములకే, 1869లో, అక్కడ విశ్వసించిన వారిలో ఇద్దరు విశ్వాసము నిమిత్తము ప్రాణములు కోల్పోయారు. నేటికిని ఆ దేశములో క్రైస్తవులు నూటికి ఒక్కరు మాత్రమే. మా ఆజాన్ గారి సంఘము కూడ చిన్నదే. ముప్పదిమందికి మించరు. ఆయన భార్య ఒక పాఠశాలలో పని చేసి కుటుంబమునకు ఆసరాగా ఉన్నది.

ఏడు నిమిషముల వంట

మొదటి రాత్రి సంఘస్థులందరు తలా ఒక కూర తెచ్చారు. ఇంటిముందు మామిడిచెట్టు క్రింద చాపలు పరచి, కలిసి పాటలు పాడి, భోజనము చేశాము. అన్నము చాలా మిగిలింది. ఆజాన్ గారి వృద్ధురాలైన తల్లి ఆ అన్నమును వెడల్పాటి పళ్ళెములో పలుచగా పరచి, ఆవిరి పోయిన తరువాత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుట చూచాము. చూచి మరచిపోయాము.

ఉదయము ఏడు గంటలకు మేము బయలుదేరవలెను. ఆరుంబావుకు లేచి వచ్చి చూస్తే, ఆజాన్ వంటగదిలో ఉన్నాడు. భార్య పాఠశాలకు వెళ్ళుటకు చీటీలు, పుస్తకములు సర్దుకొనుచున్నది. ఆజాన్ ఫ్రిజ్ తెరచి ఆ రాత్రి డబ్బా బయటికి తీశాడు. మాలో ఒకరు తెలుగులో, మెల్లగా, "అతిథులకు చద్దన్నమా?" అన్నారు. ఎవరన్నారో దాచుట న్యాయము కాదు. ఈ వ్యాసము వ్రాయుచున్న మేమే అన్నాము.

ఆయన ఒక పెద్ద ఇనుప మూకుడు పొయ్యి మీద పెట్టి మంట పూర్తిగా పెంచాడు. ఈ మూకుడులో వేగముగా కలియబెట్టి వేయించు పద్ధతి ఆ దేశమునకు చైనా నుండి వలస వచ్చినవారితో వచ్చింది. నూనె కాగగానే చితక్కొట్టిన వెల్లుల్లి. అది లేత బంగారు రంగుకు తిరగగానే సన్నగా కోసిన కోడిమాంసము. మాంసము ఉడికిన తరువాత దానిని ప్రక్కకు నెట్టి, ఖాళీ చోట రెండు గుడ్లు కొట్టాడు. గుడ్డు సగము గట్టిపడగానే చల్లని అన్నము వేసి, గడ్డలను అట్లకాడ వీపుతో నొక్కి విడదీశాడు. అన్నము మెతుకుకు మెతుకు అంటకుండ మూకుడులో ఎగురుచున్నది. అప్పుడు ఒక సీసాలోనిది మూకుడు అంచు చుట్టూ పోశాడు. చుంయ్ మన్నది. ఘాటైన వాసన వచ్చింది.

"నామ్ ప్లా" అన్నాడు యౌవనస్థుడు. చేప నీరు. చిన్న చేపలను ఉప్పులో నెలల తరబడి మాగబెట్టి తీసిన రసము. వారి వంటలో ఉప్పుకు బదులు ఎక్కువగా అదే. చిటికెడు తాటి బెల్లము, ఒక టమాటా ముక్కలు, ఉల్లికాడలు, తెల్ల మిరియాల పొడి. దింపేశాడు. ప్రతి పళ్ళెములో ప్రక్కగా రెండు కీరదోస చక్రములు, ఒక నిమ్మబద్ద. గడియారము చూచాము. ఏడు నిమిషములు పట్టింది. ఆ వంటకము పేరు "ఖావ్ ఫాత్". ఫాత్ అంటే కలియబెట్టి వేయించుట.

రెండు విడతలుగా వండి అందరికి పెట్టి, ఆజాన్ తన పళ్ళెముతో వచ్చి కూర్చున్నాడు. తల్లి కూర్చున్నది. భార్య కూర్చున్నది. ఇద్దరు పిల్లలు, మేము నలుగురము, యౌవనస్థుడు. నిలబడి వడ్డించువారు ఒక్కరు లేరు. అందరి పళ్ళెములలో అదే అన్నము. ప్రార్థన చేసి, నిమ్మబద్ద పిండుకొని, వారివలె కుడిచేతిలో చెంచా, ఎడమచేతిలో ఫోర్కు పట్టుకొని తిన్నాము. చెంచాయే నోటికి వెళ్ళేది. ఫోర్కు తోయుటకు మాత్రమే. ఉప్పు, తీపి, పులుపు, ఆ ఊరి మూడు రుచులు ఆ ఒక్క పళ్ళెములో ఉన్నవి. "చద్దన్నమా?" అన్న నోటికి అది ఎంత రుచిగా ఉన్నదో చెప్పలేము.

"ఎవరు తింటారు?"

మర్యాదకొరకు మా సంగతి కూడ ఏదైనా చెప్పవలెనని, "మా దేశములో కూడ రాత్రి అన్నము మిగులుతుంది. ఉదయము మజ్జిగతో తింటారు. ఒంటికి చలువ" అన్నాము.

యౌవనస్థుడు తర్జుమా చేశాడు. ఆజాన్ ఆసక్తిగా విని, "ఎవరు తింటారు?" అని అడిగాడు.

చిన్న ప్రశ్న. ముగ్గురము నాల్గవవాని వైపు చూచాము. చివరికి మాలో పెద్దవారు, "ఇంట్లో ఆడవారు" అన్నారు.

"మరి మీరు?"

"మాకు వేడిగా వేరే చేస్తారు."

అది విని ఆజాన్ తల్లి ఏదో అడిగింది. యౌవనస్థుడు తర్జుమా చేయుటకు కొంచెము తటపటాయించాడు. "చెప్పు బాబూ" అన్నాము. "అవ్వ అడుగుతున్నది... మీ ఇంటి ఆడవారికి వేడి అన్నం ఇష్టం ఉండదా అని."

ఆ అవ్వ ఎగతాళిగా అడుగలేదు. నిజముగా తెలిసికొనవలెననియే అడిగింది. మేము జవాబు చెప్పలేదు. రైలుకు సమయమైనదని లేచాము.

మేము చూచినది ఆ దేశములో ఒక్క ఇల్లే. ఒక ఇంటిని చూచి దేశమంతటికి కితాబు ఇచ్చుట మా ఉద్దేశము కాదు. కాని ఆ ప్రశ్న మాతోకూడ విమానము ఎక్కింది.

మా వంటగదిలో

మా పల్లె సంఘములో స్త్రీలు వంటకు బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు తీసి ప్రభువు కొరకు వేరుగా ఉంచుతారు. ఆదివారము ఆ బియ్యము మందిరమునకు తెస్తారు. సంఘకాపరి ఇంట అన్నములో ఆ పిడికిళ్ళు చాలా ఉన్నవి. ఇది మాకు బాగుగా తెలుసు. ఆ కానుకను గూర్చి మేము ఎన్నో ప్రసంగములు చేశాము.

ఇంటికి వచ్చిన మరునాడు తెల్లవారుజామున, అలవాటుగా బైబిలు తీసికొని వరండాలోనికి వెళ్ళక, వంటగది గుమ్మము వద్దకు వెళ్ళాము. మా ఇంటామె పొయ్యి ప్రక్కన నిలబడి, ఒక స్టీలు గిన్నెలో మజ్జిగ పోసిన అన్నము, ఉల్లిపాయ నంజుకొని తింటున్నది. పొయ్యి మీద మా కొరకు ఇడ్లీలు ఉడుకుచున్నవి.

"ఏవండీ, కాఫీ కావాలా?" అన్నది కంగారుగా.

"కాదు. నువ్వేం తింటున్నావో చూద్దామని వచ్చాం."

"చద్దన్నం. ఇదేం కొత్తా?"

"రోజూనా?"

"మిగిలిన రోజు. మిగలని రోజెక్కడండీ? ఎవరో ఒకరు వస్తారని గ్లాసెడు ఎక్కువే పోస్తాను గదా."

"మిగిలితే కోళ్ళకు వేయవచ్చు గదా" అన్నాము తెలివితక్కువగా.

ఆమె మా వైపు చూచింది. "పిడికెడు బియ్యమండీ. ఎవరి పిల్లల నోటి దగ్గర తీసి పెట్టారో. కోళ్ళకెలా వేస్తాను?" కొంచెము ఆగి, "చద్దన్నమంటే నాకు ఇష్టమే. చిన్నప్పుడు మా అమ్మ మా అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని ముద్దలు చేసి పెట్టేది. ఇలా ఒక్కదాన్నే నిలబడి తినడమే..." అన్నది. ఆ మాట ముగించలేదు. ఇడ్లీపాత్ర మూత తీయుటకు అటు తిరిగింది.

మా వివాహమై పందొమ్మిది సంవత్సరములు. యోహాను సువార్త 6వ అధ్యాయము మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్క లేదు. అయిదు రొట్టెలు, రెండు చేపలు, అయిదువేలమంది పురుషులు. మిగిలిన ముక్కలు కూడ వ్యర్థము కాకుండ పోగుచేయుడని ప్రభువు శిష్యులకు చెప్పెననియు, పన్నెండు గంపలు నిండెననియు చెప్పి, "దేవుని సమృద్ధి!" అని ముగించేవారము. మా ఇంట మిగిలినది పోగుచేయుచున్నది ఎవరో, అది తినుచున్నది ఎవరో మేము ఏనాడు అడుగలేదు. ఏడు సముద్రముల అవతల, మన భాష రాని ఒక అవ్వ అడుగవలసి వచ్చింది.

అదే సువార్త చివరి అధ్యాయము చదువరులకు జ్ఞాపకమే. పునరుత్థానుడైన ప్రభువు తెల్లవారు వేళ ఒడ్డున నిప్పులు రాజేసి, చేప, రొట్టె సిద్ధముచేసి, రాత్రియంతయు శ్రమపడిన శిష్యులను భోజనమునకు పిలిచాడు. దానిని "ప్రభువు ప్రేమ" అని బోధించాము. పొయ్యి వెలిగించుట అందులో ఉన్నదని గమనించలేదు.

ఆ శనివారము ఉదయము మేము అట్లకాడ పట్టుకొన్నాము. మా మొదటి ప్రయత్నము చెడిపోయింది. తొందరపడి అప్పుడే వార్చిన వేడి అన్నము మూకుడులో వేశాము. అది వెల్లుల్లి వాసనగల ముద్ద అయ్యింది. మా అబ్బాయి, "నాన్నగారూ, ఇది థాయిలాండు పొంగలా?" అన్నాడు. రెండవసారి అందరికి ఒకేసారి చేయబోయి మూకుడు నిండ అన్నము పోశాము. అన్నము వేగక ఉడికిపోయింది. మూడవసారి మా అమ్మాయి వెల్లుల్లి చితక్కొట్టింది, అబ్బాయి గుడ్లు కొట్టాడు, మా ఇంటామె కుర్చీలో కూర్చొని, "మంట తగ్గించకండి, మంట తగ్గించకండి" అని చెప్పుచున్నది. అది కుదిరింది. నలుగురము కూర్చొని తిన్నాము.

చేయు విధానము

మన మండల కేంద్రములలో సాయంకాలము బండ్ల మీద దొరికే ఫ్రైడ్ రైస్ కంటే ఇది తేలికైనది. కారము, మసాలా ఉండవు. ఇద్దరికి సరిపడు కొలతలు వ్రాయుచున్నాము. నలుగురు ఉంటే రెండు విడతలుగా చేయండి, ఒకేసారి చేయవద్దు.

చల్లారిన అన్నము మూడు కప్పులు, గుడ్లు రెండు, వెల్లుల్లి అయిదారు రెబ్బలు, ఎముక లేని కోడిమాంసము సన్నని ముక్కలు సుమారు 100 గ్రాములు (లేకున్నను ఫరవాలేదు), చిన్న టమాటా ఒకటి, ఉల్లికాడలు రెండు మూడు, నూనె రెండు పెద్ద చెంచాలు, తాటి బెల్లపు పొడి అర చిన్న చెంచా, మిరియాల పొడి చిటికెడు, నిమ్మబద్దలు, కీరదోస ముక్కలు.

చేప నీరు పట్టణపు పెద్ద దుకాణములలో సీసాలలో దొరుకుతుంది. ఒక పెద్ద చెంచా చాలు. ఉప్పు వేరే వేయవద్దు. అది దొరకని చోట ఒక పెద్ద చెంచా సోయా సాస్, రుచి చూచి చిటికెడు ఉప్పు. మేము కనుగొన్న మరియొక ఉపాయము: గుప్పెడు ఎండు రొయ్యలను తల, తోక తీసి, పొడి మూకుడులో వేయించి, దంచి, ఆ పొడి ఒక చెంచా వెల్లుల్లితోపాటు వేయుట. కోస్తావారికి ఆ వాసన కొత్త కాదు.

వరుస పైన చెప్పినదే: నూనె, వెల్లుల్లి, మాంసము, గుడ్డు, అన్నము, చేప నీరు, బెల్లము, టమాటా, ఉల్లికాడలు, మిరియము. మాంసములో పచ్చి ఉండరాదు. మొదటి నుండి చివరి వరకు మంట పెద్దది. అన్నీ కోసి ప్రక్కన పెట్టుకొనిన తరువాతనే పొయ్యి వెలిగించండి. మధ్యలో ఉల్లికాడలు వెదకుటకు సమయము ఉండదు. నిమ్మరసము పొయ్యి మీద పోయక పళ్ళెములో పిండుకొనండి. కారము కావలసినవారికి చేప నీటిలో పచ్చిమిరప చక్రములు, కొంచెము నిమ్మరసము వేసి చిన్న గిన్నెలో పెట్టుట వారి ఆచారము.

అన్నము చల్లగా ఎందుకు ఉండవలెను? వేడి అన్నములో తడి, మెత్తదనము ఎక్కువ. చల్లబడినకొద్దీ గింజలోని పిండి పదార్థము బిగుసుకొంటుంది, పైతడి ఆరుతుంది. అప్పుడు మెతుకులు విడివిడిగా వేగుతవి. వారి మల్లె బియ్యము స్వభావసిద్ధముగా మెత్తనిది గనుక వారికి నిన్నటి అన్నము మరింత అవసరము. మన సాంబ మసూరి, సోనా మసూరి అన్నము కొంచెము బిరుసుగా వార్చుకొంటే చక్కగా వస్తుంది.

ఇక ముఖ్యమైన జాగ్రత్త. వండిన అన్నము రాత్రియంతయు గిన్నెలో వెచ్చగా ఉండిపోతే అందులో ఒక విధమైన సూక్ష్మక్రిములు పెరిగి, వాంతులు కలిగించు విషమును పుట్టిస్తవి. ఆ విషము మరల వేడిచేసినను పోదు. కాబట్టి ఆజాన్ తల్లి చేసినట్లు, భోజనము కాగానే అన్నమును పళ్ళెములో పలుచగా పరచి, ఆవిరి పోగానే, గంట లోపల, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మరునాడే వాడివేయండి. వేయించునప్పుడు అన్నమంతా పొగలు కక్కేటట్లు వేడి కావలెను. ఫ్రిజ్ లేని ఇంట రాత్రి అన్నముతో దీనిని చేయవద్దు. ఉదయము వార్చిన అన్నమును పళ్ళెములో పరచి, ఫ్యాను గాలికి చల్లార్చి, వెంటనే చేసికొనండి. వాసన మారిన అన్నమును, జిగురు సాగిన అన్నమును ఎవరికిని పెట్టవద్దు, ముఖ్యముగా ఇంటి ఇల్లాలు తినవద్దు. చెడినదానిని పారవేయుట పాపము కాదు.

చివరి మాట

ఈ సంగతి సంఘములో తెలిసినప్పుడు కొందరు నవ్వారు. "అయ్యగారు గరిటె పట్టారంట!" అని చెరువుగట్టు మీద చెప్పుకొన్నారు. ఒక పెద్దాయన మాత్రము ఆరాధన అయిన తరువాత మందిరపు మెట్ల మీద మమ్మును ప్రక్కకు పిలిచి, "మా ముసల్ది పోయి మూడేళ్ళయింది అయ్యగారూ. అది పొద్దున ఏం తినేదో నాకు తెలీదు" అన్నాడు. మేము ఏమి చెప్పగలము? ఆయన చేయి పట్టుకొని ప్రార్థన చేశాము.

ఇప్పుడు మా ఇంట ఒక కట్టడ ఉన్నది. మిగిలిన అన్నము ఎవరును ఒంటరిగా తినకూడదు. శనివారములలో ఖావ్ ఫాత్ అవుతుంది. వేసవిలో మజ్జిగ, ఉల్లిపాయలతో చద్దన్నమే. కాని నలుగురము కూర్చొని తింటాము. మా ఇంటామె ముద్దలు చేసి పెడుతుంది, వాళ్ళ అమ్మ పెట్టినట్లు. మేము అడుగక మునుపే ఆమె అన్నది, చద్దన్నము మునుపటి కంటే రుచిగా ఉంటున్నదని.

ప్రియ పాఠకులారా, మీ వంటగదిలో థాయిలాండు వంట చేయనవసరము లేదు. రేపు ఉదయము మాత్రము కొంచెము ముందుగా లేచి, పొయ్యి దగ్గరకు వెళ్ళి, మన ఊరిలో ప్రతివారిని అడిగే ఆ మాటనే మీ ఇంటామెను అడగండి: "అన్నం తిన్నావా?" అని. ఆమె జవాబు చెప్పువరకు అక్కడే నిలువండి. మన అనుదినాహారమును దయచేయు పరలోకపు తండ్రి మీ భోజనపు బల్లను, దాని చుట్టు కూర్చున్న వారినందరిని దీవించును గాక. ఆమేన్.